గుమ్మం పోయిన పాట

తెలుగులో ‘సోది’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి నిఘంటువులో ఉండేది: ఎరుకల ఆడమనిషి చెప్పే జోస్యం. రెండోది నోళ్ళలో నలిగేది: ఎడతెగని వాగుడు, పనికిమాలిన మాట. “సోది ఆపరా” అని బడిపిల్లలు అంటారు, సినిమాల్లో అంటారు, టీచర్ల గదిలోనూ అంటారు. కులం పేరును తిట్టుగా వాడితే ఇవాళ కొందరైనా తప్పు పడతారు. ఒక జాతి ఆడవాళ్ళ విద్య పేరు తిట్టుగా మారితే మాత్రం ఎవరికీ ఏమీ అనిపించదు. ఆ మాట వెనక ఒక మనిషి ఉందనీ, ఆ మనిషి దగ్గర ఒక పాట ఉందనీ మరిచిపోయారు. అదే విద్యకు ‘ఎరుక’ అని ఇంకో పేరుంది. ఎరుక అంటే తెలివిడి. వేదాంతులు కూడా ఆ మాట వాడుకుంటారు. ఒక్క విద్యకున్న రెండు పేర్లలో ఒకటి వేదాంతంలోకి ఎక్కింది, మరొకటి తిట్లలోకి దిగింది.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం. ఈ మామిడి తోటల ఊళ్ళ జానపద పాట గురించి ఎవరు రాసినా భజనలు, కోలాటాలు, తిరునాళ్ళ పాటలు, క్రైస్తవ కీర్తనలు, పెళ్ళి బ్యాండు, ఇప్పుడైతే డీజే, ఇవన్నీ వరసగా చెబుతారు. ఎరుక పాట ఆ వరసలో ఉండదు. ఉన్నా పాటగా ఉండదు, ఒక వేషంగా ఉంటుంది. నేను ఎరుకల ఇంట్లో పుట్టినదాన్ని. మా అమ్మమ్మ తరం వరకు ఆ పాట మా ఇంట్లో కూడు పెట్టింది. అందుకని ఈ వ్యాసంలో ఆ పాటను పాటగానే చూడాలనుకున్నాను. నేను చెప్పదలచింది ఒక్కటే. మా ప్రాంతంలో ప్రతి మతమూ, ప్రతి వేదికా ఎరుక పాట నుంచి ఏదో ఒకటి తీసుకుంది. ఒకరు వేషం తీసుకున్నారు, ఒకరు యాస తీసుకున్నారు, ఒకరు గొంతు తీసుకున్నారు. ఎవరూ తీసుకోకుండా వదిలేసింది ఆ పాటలోని వినడాన్ని. ఆ పాటకు ప్రాణం అదే.

వినడమే పాట

ఎరుక చెప్పే మనిషికి డప్పు లేదు, మేళం లేదు. చంకలో బుట్ట, చేతిలో కర్ర. వీధి మొదట్లో సాగదీసి పిలిచే పిలుపు పాటలో మొదటి భాగం. ఆ పిలుపు ఇంటి లోపల, పొయ్యి దగ్గర కూర్చున్న ఆడమనిషికి చేరాలి. అందుకే గొంతు పైకి లేచి, చివర్లో అక్షరం మీద నిలబడుతుంది. ఎవరో ఒకరు పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి, చేటలో బియ్యం పెట్టాక రెండో భాగం. కొల్లాపురమ్మ తలపు, ఆ తర్వాత కంచి, మధుర, కాశి, బెజవాడ అమ్మవార్ల పేర్లు. ఇక్కడ లయ వేగం అందుకుంటుంది. పేర్లన్నీ ఒక్క ఊపిరిలో దొర్లుతాయి. ఆ తర్వాత ఇంటిని, చేతిని, తల్లి కడుపును పొగడడం. అప్పుడు మొదలవుతుంది అసలు ఎరుక.

అక్కడికి వచ్చేసరికి పాట వేగం తగ్గిపోతుంది. సగం పాట, సగం మాట. ఒక చరణం విడిచి ఆగుతుంది. ఆ ఆగడంలో ఎదుటి మనిషి మొహం చూస్తుంది. కళ్ళు తడిశాయా, పక్కనున్న అత్తగారి వైపు చూపు వెళ్ళిందా, చంకలో పిల్లను దగ్గరకు లాక్కుందా. దాన్నిబట్టే తర్వాతి మాట. ‘మనసులో ఒకటుంది’ అన్న ధోరణిలో ఒక మాట వదిలితే, వినే ఆమె ‘ఊఁ’ అంటుంది. ఆ ‘ఊఁ’ ఎంత పొడుగున్నదో అన్నదాన్నిబట్టి పాట మలుపు తిరుగుతుంది. అంటే ఈ పాటలో సగం చెప్పే ఆమెది, సగం వినే ఆమెది. ఇద్దరూ లేకపోతే పాటే లేదు. ఒకే మనిషి ఒకే రోజు పది గుమ్మాల దగ్గర పాడినా పది పాటలవుతాయి.

సోది నిజమవుతుందా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. నేను పిల్లలకు పరిసరాల విజ్ఞానం చెప్పే టీచర్ని. చేట చూసి రేపటి సంగతి చెప్పగలరని నేను నమ్మను, నా పిల్లలకూ చెప్పను. కానీ బెంగ పెట్టుకున్న ఒక ఆడమనిషి ఎదుట ఇంకో ఆడమనిషి అరగంట కూర్చుని, ఆమె గుండెలో ఉన్నదాన్ని పాటగా పైకి తెచ్చి, ‘గండం గడిచిపోతుంది తల్లీ’ అని లేవడం ఒక కళ. భర్తకు, అత్తకు, డాక్టరుకు చెప్పుకోలేనిది చెప్పుకునే చోటు అది. జోస్యాన్ని విమర్శించండి, నేనూ మీతో ఉంటాను. ఆ విమర్శతో కలిపి పాటను కూడా బయటికి తోసేస్తే మాత్రం ఒప్పుకోను. రామాయణంలో కోతులు మాట్లాడాయని ఎవరూ తోలుబొమ్మలాటను వదులుకోలేదు కదా!

మతం దాటిన పాట, కులం దాటని మనిషి

మా ఊళ్ళ పాటకు మతం గోడలు ఎప్పుడూ గట్టిగా లేవు. నూజివీడులో పనసకర్రతో వీణలు చెక్కే ముస్లిం కుటుంబం తరాలుగా ఆ పనిలోనే ఉంది. సరస్వతి చేతిలో ఉండేదని చెప్పే వాద్యం నమాజు చేసే చేతుల్లో తయారవుతుంది. కృష్ణా తీరంలో నాంచారయ్య, నాంచారమ్మ అన్న పేర్లు ఊరికి పదిమంది ఉంటారు. వెంకటేశ్వర స్వామి భార్య బీబీ నాంచారి తురకల ఆడపడుచని జనం చెప్పుకుంటారు. అదే నాంచారమ్మను ఎరుకల వాళ్ళం మా తల్లిగా కొలుచుకుంటాం. దసరాకు ఇంద్రకీలాద్రి దారిలో వాయించిన బ్యాండు వాళ్ళే ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలకు వెళ్ళే గుంపుల ముందు వాయిస్తారు. వరస ఒక్కటే, పేరు మారుతుంది. దీన్ని కలగాపులగం అని తీసిపారేసే వాళ్ళున్నారు. నేను దీన్ని మా ప్రాంతపు పెద్ద ఆస్తి అంటాను.

అయితే పాట మతం గోడ దాటినంత సులువుగా మనిషి కులం గోడ దాటలేదు. వీణ చెక్కినవాడి పేరు కచేరీలో వినబడదు. బ్యాండు వాయించే వాళ్ళు గుడి బయటే ఆగుతారు. ఎరుకల మనిషి గుమ్మం దాకా వస్తుంది, అరుగు మీద కూర్చుంటుంది, గడప లోపలికి రాదు. మా ఎరుకల్లో ‘కావడి’ అనే తెగ ఉంది. దేవుడికి కావడి మోసిన వాళ్ళం కాబట్టి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. దేవుడి బరువు మోసిన భుజానికి దేవుడి ముందు నిలబడే చోటు దొరకలేదు. మతం పాటను ఎలా మలిచింది అని అడిగేవాళ్ళు ఈ రెండో సంగతిని కూడా కలిపి చూడాలి.

దేవుడు వేసిన ఎరుకల వేషం

వెంకటాచల కథలో శ్రీనివాసుడు పద్మావతిని పెళ్ళాడడానికి ఎరుకలసాని వేషం వేసుకుని ఆకాశరాజు కోటకు వెళతాడు. రాణి ధరణీదేవికి సోది చెబుతాడు: నీ కూతురి బెంగకు మందు ఫలానావాడితో పెళ్ళి అని. నారాయణవనంలో జరిగినట్టు చెప్పే ఈ ఘట్టం హరికథల్లో, బుర్రకథల్లో, వీధి నాటకాల్లో, సినిమాల్లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. శ్రీనివాస కల్యాణం ఆడే ఊళ్ళో జనం ఎదురు చూసేది పెళ్ళి ఘట్టం కోసం కాదు, ఎరుకలసాని రాక కోసం.

ఎరుకల వాళ్ళలో ఈ కథను గర్వంగా చెప్పుకునే పెద్దలున్నారు. సాక్షాత్తూ వెంకన్నే మా వేషం వేశాడు కదా అంటారు. ఆ గర్వాన్ని నేను చిన్నబుచ్చను. అవమానం తప్ప ఇంకేమీ దొరకని కాలంలో ఆ ఒక్క కథ వాళ్ళను నిలబెట్టింది. కానీ పాటను పాటగా చూసినప్పుడు ఒక తేడా కనబడుతుంది. శ్రీనివాసుడికి జవాబు ముందే తెలుసు. చూసే జనానికీ తెలుసు. ఎదుట కూర్చున్న రాణి ఏమనుకుంటున్నా ఆ సోది మారదు. అందుకే వేదిక మీది ఎరుకలసాని ఆగదు, మొహం చూడదు, ‘ఊఁ’ కోసం కాచుకోదు. మొదటి రెండు భాగాలూ, అంటే పిలుపూ అమ్మవార్ల పేర్లూ, దండిగా ఉంటాయి. వాటిలో లయ ఉంది, జనం చప్పట్లు కొడతారు. మూడో భాగం, అసలు ఎరుక, రెండు మాటల్లో తేలిపోతుంది. వేషం మాది, యాస మాది, బుట్ట మాది. వినడం మాత్రం కోట బయటే ఆగిపోయింది.

దీనికి కాస్త భిన్నమైనది కొరవంజి. తమిళ దేశంలో 18వ శతాబ్దంలో త్రికూట రాసప్ప కవిరాయర్ రాసిన కుట్రాల కురవంజి దానికి పేరుపడ్డ ఉదాహరణ. 1944లో రుక్మిణీదేవి అరండేల్ కళాక్షేత్రలో దాన్ని నృత్యనాటకంగా ప్రదర్శించారు. అందులో కురవంజి నాయికకు సోది చెప్పి వెళ్ళిపోదు. తన కొండను తానే వర్ణించుకుంటుంది, తన ఊరేమిటో చెప్పుకుంటుంది. ఆ తర్వాత ఆమె మగడు సింగడు ఆమెను వెతుక్కుంటూ వస్తాడు, వాళ్ళిద్దరికీ ఒక సరసం, ఒక సంసారం ఉంటాయి. తెలుగులో కూడా సింగి, సింగడు ఉన్న కొరవంజులున్నాయి. యక్షగానం పుట్టుకకూ కొరవంజికీ ఉన్న సంబంధాన్ని ఎస్వీ జోగారావు గారు ‘ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర’ (1961)లో చర్చించారు. కొరవంజి రాసినవాళ్ళు కూడా మా వాళ్ళు కారు. రాజుల కోసం, గుడుల కోసం రాసిన పండితులు. అయినా సోది చెప్పే మనిషికి ఒక ఊరు, ఒక మొగుడు, ఒక గర్వం ఉంటాయని వాళ్ళు ఒప్పుకున్నారు. తర్వాత వచ్చిన మన నాటకాలు, సినిమాలు అంతకన్నా ముందుకు పోవలసింది పోయి వెనక్కి పోయాయి. కిళ్ళీ నములుతూ, కళ్ళు తిప్పుతూ, నాలుగు మోటు మాటలని నవ్వించి పోయే పాత్ర మిగిలింది.

ఇది మన దగ్గరే జరిగిన వింత కాదు. ఐరోపాలో దేశదిమ్మరులైన రోమా స్త్రీలను కూడా ఇలాగే వేదిక ఎక్కించారు. 1875లో పారిస్‌లో మొదటిసారి ఆడిన ‘కార్మెన్’ అనే సంగీత నాటకంలో కార్మెన్, ఆమె స్నేహితురాళ్ళు పేక ముక్కలతో జోస్యం చూసుకునే ఘట్టం లోకమంతా పాడుకుంది. రాసింది, స్వరం కట్టింది రోమాలు కారు. పాటకు లోకమంతా తలుపు తీసింది. రోమాలకు ఊరి బయట గుడారం వేసుకోవడానికి కూడా చోటు దొరకని రోజులవి.

దొర, బ్యాండు, హాజరు పట్టీ

ఎరుక పాట నడక మీద బతికేది. ఊరు దాటి ఊరు నడిస్తేనే గుమ్మాలు, గుమ్మాలుంటేనే పాట. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఆ చట్టం కింద ఎరుకల గుంపులను నమోదు చేసి, వేలిముద్రలు తీసుకుని, కొన్నిటిని సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, బెజవాడ అవతలి గట్టున సీతానగరం అలా వచ్చినవే. నడపడానికి వాటిని సాల్వేషన్ ఆర్మీ మిషనరీల చేతికిచ్చారు. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ చూసుకుంది. పొద్దునా రాత్రీ హాజరు. చీటీ లేకుండా ఊరు దాటకూడదు. మగవాళ్ళ దొంగతనాలు మాన్పించామని దొరలు రాసుకున్నారు. ఆ కట్టడి ఆడవాళ్ళ పాట కాళ్ళకు కూడా సంకెల వేసిందని ఎవరూ రాయలేదు. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. అప్పటికి నలభై ఏళ్ళు, అంటే తల్లి నుంచి కూతురికి పాట అందవలసిన ఒక పూర్తి తరం, దాటిపోయింది.

ఇందులో ఒక విచిత్రముంది. సాల్వేషన్ ఆర్మీని 1882లో మన దేశానికి తెచ్చిన బూత్ టక్కర్ దొర కాషాయం కట్టి, కాళ్ళకు చెప్పులు లేకుండా తిరిగి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. ఈ దేశపు వేషం వేస్తేనే ఈ దేశపు జనం వింటారని ఆయన లెక్క. రాణిగారికి మాట చేరాలని దేవుడు ఎరుకల వేషం వేశాడు. పేదలకు మాట చేరాలని దొర ఫకీరు వేషం వేశాడు. మన వేషం వేసుకుంటే మన దగ్గరికి రావచ్చని ఇద్దరికీ తెలుసు. మన మాట వినడానికే వచ్చినవాళ్ళు మాత్రం ఇద్దరిలోనూ కనబడరు.

దొరలు తెచ్చిన సంగీతం ఊరికే పోలేదు. సాల్వేషన్ ఆర్మీ అంటే ఏ దేశంలోనైనా బ్యాండే గుర్తుకొస్తుంది. మరోవైపు తెలుగు క్రైస్తవ కీర్తనకు అప్పటికే సొంత దారి ఉంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ద్వారా పల్లె పల్లెకూ చేరాయి. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య ఆరాధనలో మన సంగీతానికి, మన పద్ధతులకు చోటిచ్చారు. ఈ కీర్తనలు చాలామంది దళితులకు, మా వాళ్ళకు కూడా, మొదటిసారి పుస్తకం పట్టుకుని పాడే గౌరవాన్నిచ్చాయి. చదవడం రాని ఆడవాళ్ళు కీర్తనల పుస్తకం ముందు పెట్టుకుని అక్షరాలు గుర్తుపట్టిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ మేలును కాదనడం అన్యాయం. ఇచ్చినది పెద్దదే. అయితే దానికి తీసుకున్న వెల కూడా చిన్నది కాదు. కొల్లాపురమ్మ పేరుతో మొదలయ్యే పాటను దయ్యం పాటగా లెక్కగట్టారు. బాప్తిస్మం తీసుకున్న ఇంట్లో చేట, కర్ర అటక మీదికి పోయాయి.

సాక్ష్యంలో దాగిన గొంతు

అటకెక్కింది వస్తువులే, గొంతు ఎక్కడికీ పోలేదని నా గమనిక. ఇప్పుడు మా ఎరుకల కాలనీల్లో ప్రార్థన మందిరాలు ఎక్కువ. ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచే ఆడవాళ్ళను కాస్త చెవిపెట్టి వినండి. మొదట సాగదీసిన పిలుపు, ప్రభువును పిలవడం. తర్వాత ఆయన చేసిన మేళ్ళ పేర్లు ఒక్క ఊపిరిలో. తర్వాత గొంతు తగ్గి, తన ఇంటి బాధ సగం పాటగా సగం మాటగా. మూడు భాగాలూ ఉన్నాయి. ఇంకా ముఖ్యమైనది రోగుల కోసం ఇళ్ళకు వెళ్ళి చేసే ప్రార్థన. జబ్బు మనిషి మంచం పక్కన కూర్చుని, ‘ఎప్పటినుంచమ్మా, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా’ అని అడిగి, ఆ జవాబులను ఏరి ప్రార్థనలో అల్లుతుంది. ఆగుతుంది, మొహం చూస్తుంది, మళ్ళీ అందుకుంటుంది. సోదిలో వినే ఆమె ‘ఊఁ’ అన్న చోట ఇక్కడ ‘ఆమెన్’ ఉంటుంది.

పాస్టరు గారు ఒప్పుకోరు, హరికథ భాగవతారు గారూ ఒప్పుకోరు. అయినా నాకు తోచినది చెబుతున్నాను. నాటకం ఎరుకలసాని వేషాన్ని దాచుకుని వినడాన్ని పారేసింది. ప్రార్థన మందిరం వేషాన్ని పారేసింది, తనకు తెలియకుండానే వినడాన్ని దాచింది. పాట ఎక్కడ బతికి ఉందో వెతికేవాళ్ళు గుళ్ళోనూ వేదిక మీదా మాత్రమే వెతికితే దొరకదు. అయితే ఆ దాచడానికీ హద్దుంది. మైకు పాస్టరు గారి చేతిలో ఉంటుంది. కీబోర్డు వాయించే కుర్రాడు సినిమా వరసలు ఎత్తుకుంటాడు. సాక్ష్యానికి మూడు నిమిషాలు దాటితే ‘ముగించండమ్మా’ అంటారు. పాట మళ్ళీ వేదికకు లొంగుతోంది.

బుట్ట పోయింది

మతం, చట్టం చేసిన పని పైకి కనబడుతుంది. మా మామిడి ఊళ్ళలో ఇంకొకటి చప్పుడు లేకుండా జరిగింది. ఎరుకల్లో దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల, కుంచె ఎరుకల, ఉప్పు ఎరుకల అని చేసే పనినిబట్టి పేర్లున్నాయి. వెదురు దబ్బలతో, ఈతపుల్లలతో గంపలు, తట్టలు, చేటలు అల్లే వాళ్ళకు మామిడి కాలమే పంట కాలం. చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి కోతకొచ్చే ముందే తోటల వాళ్ళు గంపలు చెప్పి చేయించుకునేవారు. అడుగున వరిగడ్డి పరిచి కాయ పేర్చిన గంపలు బండ్ల మీద, తర్వాత లారీల మీద వెళ్ళేవి. ఇవాళ నున్న మార్కెట్‌కు వెళ్ళే కాయ ప్లాస్టిక్ ట్రేల్లో పోతుంది. దూరం వెళ్ళేది అట్టపెట్టెల్లో పోతుంది. ఇంట్లో బియ్యం చెరిగే చేట కూడా ప్లాస్టిక్‌దే.

దీనికీ పాటకూ ఏం సంబంధం అనవచ్చు. గంప అమ్మే మనిషే ఎరుక చెప్పే మనిషి. గంప ఆమెకు పెరటి తలుపు తీసేది. కొత్త కోడలు వచ్చిందా, పిల్ల పురిటికి వచ్చిందా, అన్నదమ్ములు వేరుపడ్డారా, ఇవన్నీ గంప బేరంలో తెలిసేవి. మరుసటి ఏడు అదే గుమ్మంలో కూర్చున్నప్పుడు ఆ తెలిసినదంతా ఎరుక అయ్యేది. దివ్యశక్తి అని జనం అనుకున్నది నిజానికి ఏళ్ళ తరబడి ఒక ఊరిని మనసుపెట్టి విన్న జ్ఞాపకం. గంప పోయాక పెరటి తలుపు మూసుకుంది. గుమ్మం లేని పాటకు మనిషి మొహం దొరకదు. ఇప్పుడు పట్నం బస్టాండ్లలో చేయి చూస్తామని కూర్చునే ఒకరిద్దరు ముసలివాళ్ళకు ఎదుటి మనిషి ఎవరో తెలియదు. తెలియని మనిషికి చెప్పే సోది వట్టి సోదే అవుతుంది. ఆ మాటకు తిట్టు అర్థం రావడంలో ఈ చరిత్ర కూడా ఉంది.

ఆ ఖాళీలోకి డీజే వచ్చింది. వినాయక చవితికి, దుర్గమ్మ ఊరేగింపుకు, పెళ్ళికి, క్రిస్మస్‌కు ఒకే పెట్టెలు, ఒకే దరువు. పాత తిరునాళ్ళ పాటను తీసుకుని కింద దరువు వేసి ఫోన్లలో వదులుతున్నారు. డీజేని తిట్టి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. మా కుర్రాళ్ళు ఊరి నడివీధిలో తలెత్తి గంతులేయగలిగింది ఆ దరువు మీదే. అది తక్కువ సంగతి కాదు. కానీ విమర్శ అడగవలసిన ప్రశ్న అక్కడా ఒక్కటే: ఈ పాటలో ఎదుటి మనిషి ‘ఊఁ’ అనడానికి సందుందా? డీజేలో పక్కవాడి మాటే వినబడదు.

విచిత్ర వేషధారణ

బళ్ళలో వార్షికోత్సవానికి విచిత్ర వేషధారణ పోటీలు పెడతారు. గాంధీ, అల్లూరి, ఝాన్సీ లక్ష్మి, వాళ్ళ పక్కన తప్పకుండా ఒక సోదెమ్మ. బుగ్గన తమలపాకు, చంకలో బుట్ట, చేతిలో కర్ర, నాలుగు వంకర మాటలు. హాలంతా నవ్వుతుంది. ఒక బడిలో నా పక్కన కూర్చున్న మా కాలనీ పిల్ల నవ్వలేదు. ‘టీచర్, మా నాయనమ్మ అలా మాట్లాడదు’ అంది. ఈ వ్యాసంలో నేను ఇంతసేపు చెప్పినదంతా ఆ పిల్ల ఒక్క మాటలో చెప్పింది. ఆ వేషం అబద్ధమని తెలిసింది ఆ హాల్లో ఆ పిల్ల ఒక్కతికే.

ఇంకో సంగతి మన గిరిజన సంఘాల వాళ్ళు కూడా ఆలోచించాలి. 2022 ఏప్రిల్‌లో నూజివీడు ఏలూరు జిల్లాలో కలిశాక బుట్టాయగూడెం, జీలుగుమిల్లి కోయలతో, కొండరెడ్లతో మేమూ ఒక జిల్లా వాళ్ళమయ్యాం. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం సభల్లో కోయల కొమ్ము నృత్యం, రేల పాట ఉంటాయి. ఉండాలి, అవి మనందరి గర్వం. మైదానంలో బతికే ఎరుకల, యానాది వాళ్ళను అడిగితే ‘మీకేం డాన్సుంది?’ అంటారు. వరసగా నిలబడి ఆడే నృత్యం, తలకు కొమ్ములు, నెమలి ఈకలు ఉంటేనే గిరిజన కళ అన్న కొలత ఎవరిచ్చారు? ఫొటోకు పనికొచ్చేదే కళ అన్నది సర్కారు వారి కొలత. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళ మధ్య నడిచే పాటను ఆ కొలత పట్టుకోలేదు. ఆ కొలతను మనం కూడా పట్టుకుని తిరిగితే మన చేతులతోనే ఒక పాటను పూడ్చిపెట్టినట్టవుతుంది.

అలాగని ఎరుక పాటను వేదిక ఎక్కించి, మేకప్ వేసి, పోటీలు పెడితే బతుకుతుందా? బతకదు. వేదిక మీదికి ఎక్కేది మళ్ళీ మొదటి రెండు భాగాలే. మనం చేయగలిగినవి చిన్న పనులు. మిగిలిన ముసలి ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు ఒప్పుకుంటేనే, వాళ్ళ గొంతు ఫోన్‌లో పట్టుకోవాలి. పాటతోపాటు వినే మనిషి ‘ఊఁ’ కూడా అందులో ఉండాలి. లేకపోతే పట్టుకున్నది సగమే. తమిళానికి దగ్గర చుట్టమైన మా కుర్రు భాషలో ఇంట్లో ఏం పాడుకున్నారో, తెలుగు గుమ్మాల దగ్గర ఏం పాడారో విడిగా రాసుకోవాలి. చర్చికి వెళ్ళే ఎరుకల మనిషిని కొల్లాపురమ్మ పాట కోసం చిన్నబుచ్చకూడదు. కొల్లాపురమ్మను కొలిచే మనిషిని మూఢురాలనకూడదు. శ్రీనివాస కల్యాణం ఆడే బృందాలకు కూడా నాదొక మాట. ఆ ఘట్టం మానవద్దు. ఎరుకలసాని ధరణీదేవి ముందు కూర్చున్నప్పుడు ఒక్క నిమిషం దరువు ఆపండి. కూతురి మీద బెంగ పెట్టుకున్న ఆ తల్లి మొహం చూడనివ్వండి. అక్కడ మా పాట మొదలవుతుంది.

తరగతి గదిలో మాత్రం రేపటినుంచే చేయగలిగినది ఒకటుంది. పిల్లవాడు పక్కవాణ్ణి ‘సోది ఆపరా’ అన్నప్పుడు కొట్టనక్కర్లేదు, తిట్టనక్కర్లేదు. ఆ మాటకు అర్థం అడగాలి. తెలియదంటాడు. అప్పుడు చెప్పాలి: మన ఊళ్ళో ఒకప్పుడు ఎదుటి మనిషి మాట పూర్తిగా విన్న తర్వాతే పాడే పాట ఒకటుండేది, దాని పేరది అని.